రెండో ల్యాబు ఏమందో కూడా రాయండి

ఏ చల్లదనమూ అక్కర్లేకుండా, మామూలు గదిలోనే కరెంటును ఇసుమంత నష్టం లేకుండా పంపే పదార్థం, అంటే సూపర్‌కండక్టర్, నిజంగా దొరికితే నాకంటే ఎక్కువ సంబరపడేవాళ్లు తక్కువమందే ఉంటారు. ఉద్యోగమంతా డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ని. సూపర్‌కండక్టర్ పాఠం వచ్చిందంటే గంట కొట్టినా ఆపబుద్ధయ్యేది కాదు. అందుకే అలాంటి వార్త కనబడగానే నమ్మేయలేను. అంత గొప్ప విషయాన్ని విచారించకుండా ఒప్పుకోవడం దానికి మర్యాద కాదు.

2023 జులై 22న దక్షిణ కొరియా బృందం ఒకటి ఇంటర్నెట్‌లో పరిశోధన పత్రం పెట్టింది. సీసం, భాస్వరం, ఆక్సిజన్, కాస్త రాగి కలిసిన ఎల్‌కే-99 అనే పదార్థం 127 డిగ్రీల సెల్సియస్ దాకా సూపర్‌కండక్టరేనని అందులో ప్రకటించారు. దాన్ని అప్పటికి నిపుణులెవరూ సరిచూడలేదు. అయినా కొద్ది రోజుల్లోనే ప్రపంచమంతా పాకిపోయింది, కొరియాలో షేర్లు ఎగిశాయి. ‘ఇక కరెంటు బిల్లులు ఉండవట మాస్టారూ’ అంటూ నా పాత విద్యార్థి ఒకడు వీడియో పంపాడు.

అందులో అయస్కాంతం మీద నల్లటి పెచ్చు. ఒక అంచు పైకి లేచింది, రెండో అంచు అయస్కాంతానికి ఆనుకునే ఉంది. నా చూపు ఆ ఆనుకున్న అంచు దగ్గరే ఆగిపోయింది. యూనివర్సిటీ ల్యాబుల్లో పిల్లలకు చూపించే ప్రయోగంలో ద్రవ నైట్రోజన్‌లో చల్లబరిచిన సూపర్‌కండక్టర్ బిళ్ల అయస్కాంతం మీద ఎక్కడా తగలకుండా గాల్లో నిలుస్తుంది. దాని కింద కాగితం దూర్చి ఇటు నుంచి అటు లాగేయొచ్చు. ఒక మూల ఆనించుకుని లేవడానికి సూపర్‌కండక్టరే కానక్కర్లేదు, మామూలు అయస్కాంత గుణం ఉన్న ముక్కయినా లేస్తుంది.

తర్వాత జరిగిందే నాకు అసలు వార్త. ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో అవానా అనే శాస్త్రవేత్త బృందం అదే పద్ధతిలో ఆ పదార్థాన్ని తయారుచేసి చూసింది. అది గాల్లోకి లేవలేదు, సూపర్‌కండక్టర్ లక్షణమూ కనబడలేదు. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో పనిచేసే ప్రశాంత్ జైన్ అనే రసాయన శాస్త్రవేత్త కన్ను కొరియా వాళ్ల గ్రాఫులో ఒక అంకె మీద పడింది. విద్యుత్ నిరోధం హఠాత్తుగా పడిపోయింది దాదాపు 104 డిగ్రీల దగ్గర. ఎల్‌కే-99 తయారీలో మలినంగా మిగిలే కాపర్ సల్ఫైడ్ తన స్ఫటిక రూపం మార్చుకునేది కూడా సరిగ్గా అక్కడే! జర్మనీలో స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ ఆ మలినం చేరకుండా స్వచ్ఛమైన స్ఫటికం పెంచింది. ఊదారంగులో, వెలుగు చొరబడేలా ఉందది. కరెంటును నష్టం లేకుండా పంపడం మాట దేవుడెరుగు, అసలు పారనివ్వదు. నిరోధం మిలియన్ల ఓముల్లో ఉంది. ఆగస్టు సగానికల్లా కథ తేలిపోయింది. వేర్వేరు దేశాల వాళ్లు నెల తిరక్కుండా ఇంత తేల్చగలగడం ఆ ప్రకటన కంటే గొప్ప సంగతి కాదా?

మనవాళ్ల విషయంలో ఇలా సరిచూడాలంటే కోపాలొస్తాయి. 2018 జులైలో బెంగళూరు ఐఐఎస్‌సీ శాస్త్రవేత్తలిద్దరు బంగారంలో పొదిగిన వెండి నానో కణాలు మైనస్ 37 డిగ్రీల దగ్గరే సూపర్‌కండక్టర్ అవుతున్నాయని పత్రం పెట్టారు. మామూలుగా ఇంతకంటే ఎంతో చల్లబరచాలి కాబట్టి అదీ సంచలనమే. అప్పట్లో అమెరికాలోని ఎంఐటీలో ఉన్న బ్రయన్ స్కిన్నర్ ఆ గ్రాఫులు దగ్గరగా చూశాడు. వేర్వేరు అయస్కాంత క్షేత్రాల్లో తీసిన రెండు కొలతల చుక్కలు సన్నగా పైకీ కిందికీ అదురుతున్నాయి. పరికరాల్లో ఆ అదురు సహజమే, ఒకసారి వచ్చినట్టు మరోసారి రాదు. ఇక్కడ మాత్రం రెండింటిలోనూ ఒకేలా ఉంది. ఆ సంగతి ఆయన బహిరంగంగా అడిగాడు. బెంగళూరు వాళ్లు 2019లో మరిన్ని కొలతలతో పత్రాన్ని సవరించారు. అలా అడగడాన్ని మన దేశం మీద ఈర్ష్య అనుకుంటే మన పిల్లలకు సైన్స్ నేర్పలేం. బీఎస్సీ ప్రాక్టికల్ రికార్డులో రెండు పట్టికలు అచ్చు ఒకేలా ఉంటే నేనూ ఆ విద్యార్థిని పిలిచి ఇదే అడిగేవాణ్ని.

నిజమైనది ఎలా నిలబడుతుందో కూడా చూశాం. 1986లో జ్యూరిక్ ఐబీఎం ల్యాబులో బెడ్‌నార్జ్, ముల్లర్ ఒక కాపర్ ఆక్సైడ్ పింగాణీలో సూపర్‌కండక్టివిటీ కనిపెట్టామన్నప్పుడు చాలామంది పెదవి విరిచారు. ఆ ఏడాది పూర్తయ్యేలోపే టోక్యోలో అది నిర్ధారణైంది. 1987 తొలినాళ్లలో అమెరికాలో మైనస్ 180 డిగ్రీల దగ్గరే పనిచేసే పింగాణీ వచ్చింది. పొడులు నూరి, కలిపి, కొలిమిలో కాల్చి మన దేశంలోని ల్యాబులూ దాన్ని తయారుచేశాయి. అదే ఏడాది బెడ్‌నార్జ్, ముల్లర్ ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు.

పత్రికలవాళ్లను నేను అడిగేది చిన్నదే. వార్త వేయొద్దనను, తప్పకుండా వేయండి. ‘మరో ల్యాబు ఇంకా సరిచూడలేదు’ అన్న ముక్క ఎక్కడో చివరి పేరాలో కాకుండా శీర్షిక కిందే పెట్టండి. ఆ తర్వాత ఢిల్లీలోనో స్టుట్‌గార్ట్‌లోనో దాన్ని తయారుచేసి చూసినవాళ్లకు ఏం కనబడిందో, అవునని తేలినా కాదని తేలినా, మొదటి వార్త వచ్చిన పేజీలోనే అంత చోటూ ఇచ్చి వేయండి.