సంతకం సరే, బేరం ఎక్కడ?

బిల్లు అడుగున చీమకాళ్లంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: వివాదాలన్నీ ముంబయి కోర్టుల పరిధికే లోబడతాయని. తెనాలి డీలరు దాన్ని చదవడు. సరుకు పాడై దావా వేసిన రోజున కంపెనీ వకీలే చదివి వినిపిస్తాడు. దావా వాపసు. ముంబయి పోయి వేసుకోవాలి. "సంతకం పెట్టావుగా" అంటారు వ్యాపార వర్గాలవాళ్లు. మన వకీళ్లలోనూ చాలామందిది అదే మాట. ముందే అచ్చేసిన కాగితంలో ఒక్క అక్షరం మార్చే వీల్లేనివాడు ఏం బేరమాడినట్టు?

సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ సెక్షన్ ప్రకారం వ్యాజ్యానికి కారణం కొంత పుట్టిన చోటైనా దావా వేయొచ్చు. అలా పరిధి ఉన్న కోర్టుల్లో ఒకదాన్ని ముందే ఎంచుకోవచ్చని సుప్రీంకోర్టు 1971లో హకమ్ సింగ్ కేసులో అంది. 1989లో ఎ.బి.సి. ల్యామినార్ట్ కేసులో షరతులో "మాత్రమే" వంటి మాట లేదని సేలం కోర్టు పరిధిని నిలబెట్టింది. 2013లో స్వస్తిక్ గ్యాసెస్ తీర్పు ఆ సందు కూడా మూసేసింది. ఆ మాట లేకపోయినా ఉద్దేశం అదేనంది.

ఈ వరసలో నాకు నచ్చేది 1991 నాటి పటేల్ రోడ్‌వేస్ తీర్పు. తమిళనాడులోని బోడినాయకనూర్ బ్రాంచిలో ఒక వ్యాపారి ఢిల్లీకి ఏలకుల బస్తాలు వేశాడు. ఢిల్లీ గోదాములో మంటలంటుకుని సరుకు పాడైంది. బొంబాయిలోనే దావా వేయాలని కంపెనీ పట్టుబట్టింది. బ్రాంచి ఉన్నచోట వివాదం పుడితే కంపెనీ అక్కడే వ్యాపారం చేస్తున్నట్టు లెక్క, చట్టం ఇవ్వని పరిధిని బొంబాయి కోర్టుకు ఒప్పందం ఇవ్వలేదు అని కోర్టు తేల్చింది. మంచి తీర్పే, కానీ ఇప్పుడు కంపెనీకి బ్రాంచి దేనికి? ఫోనులో యాప్ చాలు.

ఊరూరా కోర్టుల చుట్టూ తిరిగితే కంపెనీలు మునిగిపోతాయట! మోటారు ప్రమాదాల్లో బాధితుడు తన ఊళ్లోనే క్లెయిము వేయొచ్చు. బీమా కంపెనీలు మునగలేదు. 2019 వినియోగదారుల చట్టం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదుకు వీలిచ్చింది. 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం కింద బాకీల వివాదాలు చూసే సరఫరాదారు ప్రాంతంలోని కౌన్సిల్ దేశంలో ఎక్కడి కొనుగోలుదారునైనా పిలవగలదు. వీడియో విచారణలు వచ్చాక దూరం లెక్కే కాదంటున్నారు. అలాగైతే ముంబయి వకీలే తెనాలి కోర్టుకు లింకు నొక్కొచ్చుగా.

మిగిలిపోయింది తిరిగి అమ్మడానికి కొనే చిన్న డీలరు. అతను వినియోగదారు కాడు, సరఫరాదారూ కాడు. సమఉజ్జీలైన ఇద్దరు కూర్చుని రాసుకున్న షరతు జోలికి ఎవరూ పోనక్కర్లేదు. ఒక పక్షమే అచ్చేసి పంపిన షరతు, సరుకు దించి డబ్బు వసూలు చేసుకున్న ఊరి కోర్టు పరిధిని తీసేయలేదని 20వ సెక్షన్‌లో ఒక వాక్యం చేర్చాలి.