హైడ్రోజన్ ముందు కారుకా, ఎరువు బస్తాకా?

పెట్రోలు, డీజిల్ రోజులు అయిపోయాయని, రేపటి కార్లు నీళ్లతో నడుస్తాయని ఈమధ్య ఊళ్లలో కూడా మాటలు వినిపిస్తున్నాయి. 2022 మార్చిలో కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ టయోటా మిరాయ్ అనే హైడ్రోజన్ కారులో పార్లమెంటుకు వచ్చిన దగ్గర్నుంచి ఈ ప్రచారం పెరిగింది. 2025 జనవరి 8న ప్రధాని మోదీ విశాఖ సభలో పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన చేశాక అది మన గడప దాకా వచ్చింది. ఆ కారు కొనే స్తోమత మనలో ఎంతమందికి ఉందన్న మాట పక్కన పెడదాం. దానికి కావలసిన భూమి, నీళ్లు, కరెంటు మాత్రం మనం కూడా ఆధారపడినవే. అందుకే ఈ సంగతిని లెక్కలతో సహా తెలుసుకోవడం మనకు అవసరం.

ఆశ ఎక్కడుంది?

నీళ్లతో నడిచే కారు అన్న మాట సరైనది కాదు. కారు ట్యాంకులో నింపేది హైడ్రోజన్ వాయువు. అది ఫ్యూయల్ సెల్ అనే పెట్టెలో గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే కరెంటు పుడుతుంది. ఆ కరెంటుతో మోటారు తిరుగుతుంది. వెనక గొట్టంలోంచి పొగకు బదులు నీటి ఆవిరి వస్తుంది. మిరాయ్ కారు ట్యాంకులో 5.6 కిలోల హైడ్రోజన్ పడుతుంది. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. ఒకసారి నింపితే 600 కిలోమీటర్లకు పైగా పోతుందని కంపెనీ చెబుతోంది.

కిలోకు కిలో చూస్తే పెట్రోలుకన్నా హైడ్రోజన్‌లో దాదాపు మూడు రెట్లు శక్తి ఉంది. ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి దేశాలనుంచి కొనుక్కునే మనకు ఇది ఆశ పుట్టించే మాటే. డీజిల్ ధర పెరిగినప్పుడల్లా దుక్కి కూలీ, కోత మిషను కిరాయి, మార్కెట్‌కు లారీ బాడుగ పెరుగుతాయి. ఆ భారం మోసేది మనమే. కాబట్టి చమురుకు ప్రత్యామ్నాయం వెతకడాన్ని మనం తప్పుపట్టడం లేదు. ఏ ప్రత్యామ్నాయం, ఎవరి ఖర్చుతో, ముందు ఎవరి అవసరానికి అన్నదే మన ప్రశ్న.

అడ్డంకులు

మొదటి అడ్డంకి, వాడుకునేంత హైడ్రోజన్ భూమిలో బావి తవ్వితే దొరికేది కాదు. తయారు చేసుకోవాలి. ఈ రోజు ప్రపంచంలో వాడే హైడ్రోజన్ దాదాపు అంతా సహజవాయువు నుంచి, బొగ్గు నుంచి తీస్తున్నదే. గ్యాస్‌తో కిలో హైడ్రోజన్ తీస్తే తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. అలాంటి హైడ్రోజన్‌తో కారు నడిపితే పొగ ఊళ్లో రాదు, ఫ్యాక్టరీ దగ్గర వస్తుంది. అంతే తేడా. సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీస్తేనే దాన్ని గ్రీన్ హైడ్రోజన్ అంటారు.

రెండోది కరెంటు లెక్క. నీటినుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు కావాలి. యూనిట్ 4 రూపాయలు వేసుకున్నా కరెంటుకే 200 రూపాయలు దాటుతుంది. యంత్రాల ఖర్చు, నొక్కి నింపే ఖర్చు, బంకుకు చేర్చే ఖర్చు దానిమీద వేరు. ఆ కిలోతో కారు సుమారు 100 కిలోమీటర్లు పోతుంది. అదే 55 యూనిట్లను నేరుగా బ్యాటరీ కారుకు ఎక్కిస్తే 300 కిలోమీటర్లకు పైగా పోతుంది. కరెంటును హైడ్రోజన్‌గా మార్చి, దాన్ని మళ్లీ కరెంటుగా మార్చేసరికి మూడింట రెండొంతులు దారిలోనే పోతోంది. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు చేరేలోపు సగానికి పైగా ఇంకిపోతే మనం ఆ కాలువను ఏమంటామో, ఈ లెక్కనూ అలాగే చూడాలి.

మూడోది నిల్వ. హైడ్రోజన్ మహా తేలికైన వాయువు. మామూలు ఒత్తిడిలో ఒక్క కిలో పెట్టాలంటే 11 వేల లీటర్లకు పైగా చోటు కావాలి. అందుకని కారు ట్యాంకులో దాన్ని 700 బార్ల ఒత్తిడితో కుక్కుతారు. మన ఆటోలలో సీఎన్‌జీ సిలిండరు ఒత్తిడి 200 బార్లు. ద్రవంగా మార్చాలంటే సున్నాకు దిగువన 253 డిగ్రీల చలి కావాలి. సన్నని సందులోంచి కూడా జారిపోతుంది, తేలిగ్గా అంటుకుంటుంది. 2019 జూన్‌లో నార్వే రాజధాని ఓస్లో దగ్గర ఒక హైడ్రోజన్ బంకు పేలిన తర్వాత అక్కడ ఆ కార్ల అమ్మకాలే కొంతకాలం ఆపేశారు.

నాలుగోది బంకులు. కార్లు లేనిదే బంకు పెట్టరు, బంకు లేనిదే కారు కొనరు. అమెరికాలో హైడ్రోజన్ కార్లకు పెట్టినకోట కాలిఫోర్నియా. ప్రభుత్వం సబ్సిడీలిచ్చి బంకులు పెట్టించింది. అక్కడ కూడా షెల్ కంపెనీ 2024 ఫిబ్రవరిలో కార్ల కోసం పెట్టిన తన హైడ్రోజన్ బంకులన్నీ మూసేసింది. కిలో ధర 30 డాలర్లు దాటింది. యూరప్‌లో స్టెలాంటిస్ కంపెనీ 2025 జూలైలో హైడ్రోజన్ వాహనాల పనిని వదిలేసింది. చిన్న కార్ల విషయంలో పందెం బ్యాటరీ వైపే ఒరిగింది.

మన ప్రభుత్వం కూడా చేతల్లో ఇదే ఒప్పుకుంటోంది. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద 2025 మార్చిలో ప్రకటించిన రవాణా ప్రయోగాల్లో 37 వాహనాలున్నాయి. అవన్నీ బస్సులు, లారీలే. వాటికి పెడుతున్న బంకులు 9. ప్రయోగానికి ఎంచుకున్న దారుల్లో మన విశాఖపట్నం–బయ్యవరం జాతీయ రహదారి కూడా ఉంది. బరువు మోస్తూ దూరం పోయే లారీలకు హైడ్రోజన్ పనికొస్తుందేమో ఆ ప్రయోగాలు తేలుస్తాయి. సభల్లో కారు బొమ్మ చూపించినంత మాత్రాన కారుకు అది సరైన ఇంధనం అయిపోదు.

మన బస్తాలో ఉన్నది హైడ్రోజనే

హైడ్రోజన్ మనకు కొత్త సరుకేమీ కాదు. యూరియా, డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులన్నిటికీ మూలం అమోనియా. గాలిలోని నత్రజనిని హైడ్రోజన్‌తో కలిపితేనే అమోనియా అవుతుంది. మన దేశంలో హైడ్రోజన్‌ను ఎక్కువగా వాడేవి రెండే రంగాలు. ఒకటి చమురు శుద్ధి, రెండోది ఎరువులు. రామగుండం ఎరువుల కర్మాగారం ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా తీసే శక్తితో పనిచేస్తున్నదంటే, అది ముందు సహజవాయువు నుంచి హైడ్రోజన్ తీస్తున్నదని అర్థం.

లెక్క చూడండి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. ఆ బస్తాకు సుమారు 25 కిలోల అమోనియా, దానికి నాలుగున్నర కిలోల హైడ్రోజన్ కావాలి. మిరాయ్ కారు ట్యాంకులో పట్టేది 5.6 కిలోలు. అంటే కారు ఒకసారి ట్యాంకు నింపుకునే హైడ్రోజన్‌తో బస్తాంపావు యూరియా తయారవుతుంది. ఎకరం వరికి రెండున్నర బస్తాలు వేసుకుంటే అది రెండు ట్యాంకుల హైడ్రోజన్.

కారుకు బ్యాటరీ అనే మరో దారి ఉంది. అమోనియాకు హైడ్రోజన్ తప్ప వేరే దారి లేదు. ఇప్పుడు ఆ హైడ్రోజన్ తీసే గ్యాస్‌లో పెద్ద భాగం దిగుమతి సరుకు. అంతర్జాతీయ మార్కెట్లో గ్యాస్ ధర ఎగిసిన ప్రభావంతో 2022–23లో కేంద్రం ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఎక్కడో యుద్ధం వస్తే ఇక్కడ సొసైటీ ముందు చెప్పుల వరుస పెరగడానికి మూలం ఈ పరాధీనతే.

ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. యూరియాకు అమోనియాతోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. గ్యాస్ ప్లాంటులో అది కూడా అక్కడే దొరుకుతుంది, గ్రీన్ పద్ధతిలో వేరేగా తెచ్చుకోవాలి. కాబట్టి ముందుగా వీలయ్యేది డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులకు. వాటికి అమోనియా ఉంటే చాలు. విశాఖ, కాకినాడల్లో అలాంటి కర్మాగారాలున్నాయి. ఈ దారిలో ఒక అడుగు పడింది కూడా. 2025లో కేంద్ర సంస్థ సెకీ 13 ఎరువుల కర్మాగారాలకు ఏడాదికి 7.24 లక్షల టన్నుల గ్రీన్ అమోనియా కోసం వేలం జరిపింది. మొదటి వేలంలోనే కిలో 55 రూపాయల 75 పైసలకు దిగింది. దిగుమతి అమోనియాకన్నా ఇంకా ఎక్కువే అయినా, అందుకోలేనంత దూరంలో లేదు.

హబ్ అడిగేది ఎంత?

పూడిమడక హబ్‌కు చెప్పిన పెట్టుబడి సుమారు 1 లక్షా 85 వేల కోట్ల రూపాయలు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, 7,500 టన్నుల అనుబంధ ఉత్పత్తులు లక్ష్యం. ప్రభుత్వ ప్రకటనలోనే ఇది ప్రధానంగా ఎగుమతి కోసమని ఉంది. కాకినాడలో ఒకప్పుడు నాగార్జున ఫెర్టిలైజర్స్ యూరియా తీసిన చోట ఇప్పుడు ఏఎం గ్రీన్ సంస్థ తలపెట్టిన గ్రీన్ అమోనియా ప్లాంటు చూపు కూడా విదేశీ మార్కెట్ మీదే.

రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్‌కు దాదాపు 8 కోట్ల యూనిట్ల కరెంటు కావాలి. ఆంధ్రప్రదేశ్ మొత్తం ఒక రోజు వాడకం 20 కోట్ల యూనిట్లకు కాస్త అటూఇటూ. అందుకే ఈ హబ్‌కు 20 వేల మెగావాట్ల సౌర, పవన విద్యుత్ కేంద్రాలు తలపెట్టారు. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కుకు 5,900 ఎకరాలకు పైగా పట్టింది. గాలిమరలకు చోటు తక్కువ, కొత్త పలకలకు మునుపటంత స్థలం అక్కర్లేదు, అయినా ఇది వేల ఎకరాలతో పోయే పని కాదు. ఆ భూమికి మెట్ట పొలాలు, బంజర్లు, అసైన్డ్ భూముల వైపే చూస్తారు. ఆ కరెంటును తీరానికి మోసే లైన్లు మన చేల మీదుగా పోతాయి.

మెట్టలో వేరుశనగ వేసి నష్టపోవడంకన్నా సోలార్ కంపెనీకి కౌలుకిస్తే నికరంగా డబ్బు వస్తుందని కొందరు రైతులు అంటున్నారు. ఆ మాటను మనం కొట్టిపారేయడం లేదు. కానీ పట్టాదారుకు కౌలు వస్తుంది, ఆ చేనును సాగుచేస్తున్న కౌలు రైతుకు, కూలికి, గొర్రెల కాపరికి ఏమీ రాదు. ఇరవై అయిదు, ముప్ఫై ఏళ్ల ఒప్పందంలో ఈనాటి కౌలు పదేళ్ల తర్వాత ఎంత విలువ చేస్తుందో కూడా చూసుకోవాలి.

నీటి సంగతి కూడా పెంచకుండా, తగ్గించకుండా చెప్పుకుందాం. కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్కన 9 లీటర్ల నీళ్లు. శుద్ధి, చల్లబరచడం కలిపితే 20 నుంచి 30 లీటర్లు. ఈ హబ్‌కు ఏడాదికి అది సుమారు అర టీఎంసీ. రాష్ట్రం మొత్తానికి పెద్దది కాకపోవచ్చు, ఏలేరు కాలువ మీద ఆధారపడిన వాళ్లకు చిన్నది కాదు. హబ్ ఉన్నదేమో సముద్రం ఒడ్డున. వెయ్యి లీటర్ల ఉప్పునీటిని మంచినీరు చేయడానికి మూడు, నాలుగు యూనిట్లు చాలు. అంటే కిలో హైడ్రోజన్ నీటికి అయ్యే కరెంటు యూనిట్‌లో పదో వంతు. 55 యూనిట్ల ఖర్చులో ఇది లెక్కలోకే రాదు. కాబట్టి కాలువ నీళ్లు అడగడానికి కంపెనీకి సాకు లేదు. మిగిలిన ఉప్పు నీళ్లను ఒడ్డునే వదిలి మత్స్యకారుల వేటను చెడగొట్టడానికి కూడా వీల్లేదు.

మనం అడగవలసినవి

ఒకటి, ప్రజల సొమ్ముతో, రాయితీలతో తయారయ్యే హైడ్రోజన్‌లో మొదటి వాటా దేశంలోని ఎరువుల కర్మాగారాలకు దక్కాలి. 19,744 కోట్ల రూపాయల మిషన్ ఖర్చులో ఈ షరతు ఉండాలి. ఎగుమతి ఆ తర్వాత, కారు అందరి తర్వాత.

రెండు, గ్రీన్ అమోనియా ఖరీదు పేరుతో బస్తా ధర పెంచకూడదు. తేడాను ప్రభుత్వమే భరించాలి.

మూడు, భూమి కౌలుకు మాత్రమే తీసుకోవాలి. కౌలు కాలానుగుణంగా పెరగాలి. కౌలు రైతులకు, అసైన్డ్ భూముల సాగుదారులకు, కూలీలకు పరిహారంలో వాటా రాసివ్వాలి. రెండు పంటలు పండే భూమిని ముట్టకూడదు.

నాలుగు, హబ్‌కు సముద్రపు నీరే వాడాలి.

ఐదు, లైన్ల టవర్లకు కేంద్రం 2024 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టవరు కింది భూమి విలువకు రెట్టింపు, తీగల కింది భూమికి 30 శాతం పరిహారం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తీగలు లాగకముందే చెల్లించాలి.

ఆరు, పరిశ్రమల అవసరం చూపి వ్యవసాయానికి ఇచ్చే కరెంటు వేళలను కదిలించకూడదు.

సోలార్ కౌలు కాగితాలు ఎవరైనా ఊళ్లోకి తెస్తే ఒంటరిగా సంతకం పెట్టొద్దు. గ్రామ సంఘంలో అందరి ముందు చదివించండి. ఎన్నేళ్లు, ఏటా ఎంత పెరుగుదల, గడువు తీరాక పలకలు, దిమ్మెలు తీసి నేలను మళ్లీ దున్నేలా చేసి ఇచ్చేదెవరు అన్న మూడు ప్రశ్నలకు కాగితం మీదే జవాబు ఉండేలా చూసుకోండి.