రాళ్లకు అంకెలు వేశారు, మనుషుల లెక్క మరిచారు

ఈజిప్టు చూసొచ్చినవాళ్లు పిరమిడ్ల తర్వాత ఎక్కువగా చెప్పేది అబూ సింబెల్ ముచ్చటే. అస్వాన్ డ్యామ్ నీళ్లలో మునగవలసిన రామ్సెస్ గుడిని 1964–68 మధ్య కోసి, సుమారు 65 మీటర్ల ఎత్తుకు చేర్చి మళ్లీ పేర్చారు. ఆ పనే మన నడిగడ్డలోనూ జరిగిందని గద్వాల పిల్లల్లో ఎందరికి తెలుసు?

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు ముంచుకొస్తాయని, కృష్ణా తుంగభద్రలు కలిసేచోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ అంకె వేసి విప్పి, అలంపురం తెచ్చి నిలబెట్టారు. పాపనాశి గుళ్లనూ తరలించారు. ఆ పని చేసిన చేతులకు దండం పెట్టాలి. మా అభియోగం ఆ తర్వాతి నలభై ఏళ్ల మీద.

అలంపురంలో జోగులాంబ అమ్మవారి దర్శనం కాగానే బస్సెక్కే భక్తుణ్ణి ఏమనగలం? ఏడో శతాబ్దపు స్వర్గబ్రహ్మ గుడి ముందు నిలబడి, బాదామి చాళుక్యుల చేతిపని ఏమిటో మన మాటల్లో విప్పి చెప్పే మనిషిని ఏ ప్రభుత్వమూ అతనికి చూపలేదు. కూడవెల్లి గుడి ఎక్కణ్ణుంచి వచ్చిందో, దాన్ని కొలిచిన ఊరు ఏమైందో చెప్పాలన్న ధ్యాసే పాలకులకు లేదు.

ఆ ప్రాజెక్టు కింద సుమారు వంద ఊళ్లు పోయాయి. గుడికి చోటు వెతికినంత శ్రద్ధ గుడిసెకు దక్కలేదు. ఇంటికో ఉద్యోగమంటూ 1986లో 98 జీవో ఇచ్చారు. కొందరికి లష్కర్ కొలువులు వచ్చాయి. మిగిలినవాళ్లు కొల్లాపూర్ నుంచి అలంపురం దాకా ఆ కాగితం పట్టుకుని ధర్నాలు చేస్తూనే వయసు దాటిపోయారు. ఇది మాట తప్పడమే. దీనికి ఇంకో పేరు లేదు.

ఈజిప్టూ అస్వాన్ డ్యామ్ ముంపులో ఊళ్లు పోయిన తన నూబియన్లకు పూర్తి న్యాయం చేయలేదు. సొంత గడ్డకు తిరిగి వెళ్లే హక్కు వాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు. అయినా 1997లో అస్వాన్‌లో నూబియా మ్యూజియం తెరిచి, వాళ్ల చరిత్రనూ బతుకునూ వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

కూడవెల్లి గుడి ఎదుట మునిగిన ఊళ్ల పేర్లన్నీ తెలుగులో చెక్కించండి. 98 జీవో జాబితాను ఊరూరా చదివించి, ఉద్యోగానికి వయసు దాటినవాళ్లకు పరిహారం కట్టండి. ఆ జాబితాలో ఉన్నవాళ్లు బతికుండగానే కట్టండి.