వాన పడితే వడ్డన ఎక్కడ?

మోత్కూర్ వైపు పెళ్లి పెట్టుకుంటే పంచాంగంతోపాటు ఆకాశాన్నీ చూడాల్సిందే. మాఘ ఫాల్గుణాలతో బాధ లేదు. చిక్కంతా తర్వాతి ముహూర్తాలతోనే. వైశాఖ జ్యేష్ఠాల్లో పగలంతా నిప్పులు చెరిగే ఎండ. సాయంత్రమయ్యేసరికి ఎక్కడినుంచో గాలిదుమారం, వెనకే నాలుగు చినుకులు, ఆ వెనకే కరెంటు గోవిందా! ఇక శ్రావణం సరేసరి. బిక్కేరు వాగు పారుతుంటే అవతలి ఊళ్ల చుట్టాలు బయల్దేరాలా వద్దా అని పొద్దుట్నుంచీ ఫోన్లే ఫోన్లు.

ఇదంతా అందరికీ తెలిసిందే. అయినా లగ్గం ఖాయం కాగానే ఏం చేస్తారు? టెంట్ హౌస్‌కి, వంటమాస్టర్‌కి, బ్యాండ్‌వాళ్లకి, డీసీఎం వ్యానుకి వరసపెట్టి బయానాలిస్తారు. వాన పడితే ఎలా అని మాత్రం ఒక్కరూ అడగరు. ఎవరైనా నోరు తెరిచారో, ‘శుభమా అని పెండ్లి చేస్తుంటే అవేం మాటలు వదినా’ అంటూ మూయించేస్తారు. పత్తి అమ్మిన డబ్బు, పాడిన చిట్టీ, చాలకపోతే తెచ్చిన అప్పు... అన్నీ కలిపి ఒక్కరోజు మీద పెట్టేవాళ్లు ఆ ఒక్క ప్రశ్నకి భయపడటం విచిత్రమే. గొడుగు పట్టుకెళ్తే వాన వస్తుందా ఏమిటి?

2024 సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వైశాఖ జ్యేష్ఠాలు మూఢంలో కలిసిపోయాయి. వెంటనే ఆషాఢం. ఆగిన పెళ్లిళ్లన్నీ శ్రావణం మీద పడ్డాయి. ఆ శ్రావణం చివర్లోనే, ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో ఖమ్మం, మహబూబాబాద్, పక్కనున్న సూర్యాపేట జిల్లాలను వాన ముంచెత్తింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టే కొట్టుకుపోయింది. అలాంటి రోజున డీసీఎం ఏ రోడ్డున వెళ్లాలో అప్పటికప్పుడు ఆలోచిస్తే తేలుతుందా?

ప్రత్యామ్నాయం అనగానే రెండో ఫంక్షన్ హాలు, రెండో వంట అనుకుని హడలిపోనక్కర్లేదు. ఆ ఖర్చు ఎవరూ భరించలేరు. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే... ఈ పెళ్లిలో కదలనిది ఏది, కదిలించగలిగేది ఏది? ముహూర్తం, పుస్తెలు, పిల్లా పిల్లాడు, రెండువైపుల కన్నవాళ్లు, అయ్యగారు. లెక్కతీస్తే కదలనివి ఇంతే. విందు, బారాత్, స్టేజీ, వెయ్యి మంది బంధుమిత్రులు ఇవన్నీ కదిలేవే. 2020లో లాక్‌డౌన్ నిబంధనలు పెళ్లికి 50 మందే అన్నప్పుడు ఎన్నో ఇళ్లలో జరిగింది ఇదే. అనుకున్న ముహూర్తానికి ఇంటి ముందు తాళి కట్టించి, దావత్ తర్వాతికి పెట్టుకున్నారు.

క్రికెట్ చూసేవాళ్లకి ఈ లెక్క ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 2009లో ఐపీఎల్‌కీ, లోక్‌సభ ఎన్నికలకీ ముడిపడింది. ఎన్నికలు కదలవు. దాంతో నెల కూడా గడువు లేకుండానే మ్యాచ్‌లన్నీ దక్షిణాఫ్రికాకి తరలించారు. దేశం మారినా మనింట్లో టీవీ ముందు కూర్చునే వేళ మాత్రం మారనివ్వలేదు. మ్యాచ్‌లు మన సాయంత్రం నాలుక్కీ, రాత్రి ఎనిమిదికీ సరిపోయేలా పెట్టారు. అంతకుముందు ఏడాది అట్టడుగున నిలిచిన మన హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్ ఆ ఏడాది జొహానెస్‌బర్గ్‌లో కప్పు ఎత్తుకుంది కూడా!

మళ్లీ పెళ్లింటికొద్దాం. వాన మొదట దెబ్బకొట్టేది పందిరిని కాదు, గాడిపొయ్యిని. పందిట్లో తడిస్తే పక్కకి జరుగుతారు. పొయ్యి ఆరితే వెయ్యి మంది ఆకలి. అందుకని వంటమాస్టర్‌తో బేరమాడేరోజే వంట చేసే చోటు చూపించాలి. పైన రేకులున్న చోటైతే మేలు. కాకపోతే టార్పాలిన్లు ఎవరు తెస్తారో, పొయ్యికి ఎంత ఎత్తున కడతారో ముందే అనుకోవాలి. కట్టెలు తడవకుండా ఓ గది, నాలుగు గ్యాస్ సిలిండర్లు విడిగా ఉండాలి. బియ్యం మొత్తం ఒకేసారి ఎసట్లో పోయించొద్దు. బగారా అన్నం విడతలుగా వండితే జనం తగ్గినా మిగిలిన బియ్యం బస్తాలోనే ఉంటుంది. కూరగాయలు రెండురోజులు ఆగుతాయి. కోసిన మాంసం వెనక్కి రాదు. ఎన్ని కిలోలన్నది చెప్పడానికి ఆఖరి గడువు ఎప్పుడో మాస్టర్‌నే అడగండి. ఆ వేళదాకా ఆకాశాన్ని చూడొచ్చు.

వడ్డనకి రెండో చోటు ఊళ్లోనే దొరుకుతుంది. ఎండాకాలం సెలవుల్లో బడి ఖాళీగానే ఉంటుంది. అనుమతి ముందే అడిగి పెట్టుకుంటే చాలు. శ్రావణంలో బడి నడుస్తుంది కాబట్టి ఆదివారమైతేనే ఆ ఆశ. లేదంటే కుల సంఘం భవనమో, కొత్తగా స్లాబు వేసిన పక్కింటివాళ్ల వసారానో. టెంట్ హౌస్, బ్యాండ్ రసీదుల మీద ‘తేదీ మారితే బయానా చెల్లుతుంది’ అని ఒక్క వాక్యం రాయించుకోవాలి. ఇచ్చేరోజు నవ్వుతూ రాస్తారు. వాన పడ్డాక అడిగితే నవ్వరు.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి వేరే ఉంది. మబ్బు పట్టగానే బావ ఒకటంటాడు, మేనమామ ఇంకోటంటాడు, పెళ్లికొడుకు తండ్రి మూడోది. ఈలోగా వాన వచ్చి వెళ్లిపోతుంది. విందు చోటు మార్చాలా వద్దా అన్నది ఒక్కరే చెప్పాలి, అదీ ఫలానా గంటలోపు. ఆడపిల్ల తండ్రి మీద ఆ భారం వేయకండి. ఆయనకి ఆ పూట చేతులే ఆడవు. లెక్కలు తెలిసిన పినతండ్రో, నిదానమైన అత్తమ్మో అయితే నయం. మార్పు కబురు వాట్సాప్‌లో పెడితే పడుచువాళ్లకి చేరుతుంది. పెద్దవాళ్ల కోసం ఊరికొకరిని ఫోనుకి పెట్టుకోవాలి.

వాగు పారే రోజులైతే మగపెళ్లివారిని ముందురోజు రాత్రికే రప్పించి విడిదిలో దించడం మేలు. ఆ రాత్రి భోజనాల ఖర్చుకి వెనకాడొద్దు. లగ్గపత్రిక రాసేరోజే అయ్యగారిని ఇంకో మాట కూడా అడగాలి... అదే రోజున రెండో లగ్నం ఏదైనా ఉందా అని. ఉందంటే సంతోషం. కానీ మంచి ముహూర్తం రోజున ఆయనకి ఇంకో రెండు పెళ్లిళ్లు ఉండొచ్చు. ఆ రెండో లగ్నానికి తానే వస్తాడా, ఎవరినైనా పంపుతాడా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.