పొరుగు దేశం ఎంత దూరం?

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని పెద్దలు అనుకునే రోజులు గతించి చాలా కాలమైంది. ఉదయం హైదరాబాద్‌లో కాఫీ తాగి బయలుదేరిన మనిషి సాయంత్రానికి కొలంబో సముద్రతీరాన నడవవచ్చు. విమానం టికెట్టు మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. పాస్‌పోర్టు చిన్న పట్టణాల్లోని ఇళ్లకు కూడా చేరింది. భౌగోళికంగా దూరాలు తగ్గాయి. అయితే దక్షిణాసియాలో ఒక సామాన్య పౌరుడికి పొరుగు దేశం నిజంగా ఎంత దూరంలో ఉందన్న ప్రశ్నకు కిలోమీటర్లలో సమాధానం దొరకదు. ఆ సమాధానాన్ని రాజకీయాల్లో వెతకాలి.

గుంటూరులో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయ దంపతులను ఊహించుకోవచ్చు. దంపతులు కల్పితమే గానీ, వారి దారికి అడ్డుపడిన సంఘటనలు మాత్రం అక్షరాలా జరిగినవి. భర్త చరిత్ర బోధించారు. క్యాండీని పాలించిన చివరి రాజవంశం మదురై నాయకుల బంధువర్గం నుంచి వచ్చిందనీ, 1815లో బ్రిటిష్‌వారు పదవి నుంచి దించిన శ్రీ విక్రమ రాజసింహుడు వేలూరు కోటలో బందీగా ఉండి 1832లో మరణించాడనీ ముప్పై ఏళ్లపాటు పిల్లలకు చెప్పారు. భార్యకు నువరఎలియ దగ్గర సీతమ్మ గుడి చూడాలని కోరిక. ఇద్దరూ 2018లో పాస్‌పోర్టులు తీసుకున్నారు. మరుసటి వేసవికి శ్రీలంక వెళ్లాలన్నది సంకల్పం. కుటుంబ బాధ్యతలన్నీ తీరాక, పిల్లల చదువులకూ పెళ్లిళ్లకూ పోను మిగిలిన పొదుపుతో పెట్టుకున్న మొదటి విదేశీ విహారం అది.

2019 ఏప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం. శ్రీలంకలోని చర్చిల్లోనూ కొలంబోలోని విలాసవంతమైన హోటళ్లలోనూ ఆత్మాహుతి దాడులు జరిగాయి. 250 మందికి పైగా మరణించారు. మృతుల్లో భారతీయులూ ఉన్నారు. అత్యవసరమైతే తప్ప శ్రీలంక వెళ్లవద్దని భారత విదేశాంగ శాఖ సూచించింది. గుంటూరు దంపతుల ప్రయాణం సహజంగానే ఆగింది. మరుసటి వేసవికి వాయిదా వేసుకున్నారు. 2020 మార్చి చివరి వారంలో మన దేశం అంతర్జాతీయ షెడ్యూల్డ్ విమానాలను నిలిపివేసింది. అవి పూర్తిస్థాయిలో తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. సరిగ్గా ఆ వేసవిలోనే శ్రీలంక విదేశీ అప్పులు తీర్చలేనని చేతులెత్తేసింది. పెట్రోలు కోసం రోజుల తరబడి బారులు, మందులకు కరవు, జూలైలో అధ్యక్ష భవనంలోకి చొచ్చుకుపోయిన జనం, దేశం విడిచి పారిపోయిన గోటబయ రాజపక్స. ఆకలితో రగులుతున్న దేశానికి విహారానికి ఎవరు వెళ్తారు?

2024 జనవరిలో కొడుకు మాల్దీవులు చూపిస్తానన్నాడు. ఆ నెలలోనే ప్రధాని లక్షద్వీప్ పర్యటనపై ముగ్గురు మాల్దీవుల ఉపమంత్రులు అవమానకరంగా వ్యాఖ్యానించారు. అక్కడి ప్రభుత్వం వారిని సస్పెండ్ చేసినా, మన సామాజిక మాధ్యమాల్లో బహిష్కరణ పిలుపు దావానలమైంది. మాల్దీవుల టికెట్లు రద్దు చేసుకోవడమే దేశభక్తికి కొలమానమైంది. 2025 సెప్టెంబరులో ముక్తినాథ్ యాత్ర అనుకున్నారు. ఆ నెల 8న కాఠ్మాండూలో యువతరం వీధుల్లోకి వచ్చింది. తొలిరోజు కాల్పుల్లోనే 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని ఓలి రాజీనామా చేశారు, పార్లమెంటు భవనం తగలబడింది, త్రిభువన్ విమానాశ్రయం మూతపడింది. చిక్కుకుపోయిన తెలుగు యాత్రికులను వందమందికి పైగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానంలో వెనక్కు తెచ్చుకోవలసి వచ్చింది. చివరికి మళ్లీ శ్రీలంకే అనుకున్నారు. నవంబరు నెలాఖరున దిత్వా తుపాను ఆ ద్వీపాన్ని అతలాకుతలం చేసింది. కొండచరియలు విరిగి క్యాండీ, నువరఎలియ ప్రాంతాలు విలవిల్లాడాయి. మృతులు 600 దాటారు. కొలంబోలో నిలిచిపోయిన భారతీయులను మన వాయుసేన విమానాలు తీసుకొచ్చాయి.

ఏడేళ్లు. ఆరు ప్రయత్నాలు. ప్రతిసారీ ట్రావెల్ ఏజెంటు నోట ఒకే మాట: ‘‘అనుకోని పరిస్థితులు సార్, ఎవరేం చేస్తారు?’’

ఆ మాటనే కాస్త ఆగి పరిశీలించాలి. తుపాను అనుకోని పరిస్థితే. మహమ్మారీ అంతే. వాటికి ఎవరినీ నిందించలేం. కానీ ఈస్టర్ దాడుల గురించి భారత నిఘా సంస్థలు ముందే హెచ్చరించినా శ్రీలంక యంత్రాంగం పట్టించుకోలేదని ఆ దేశ సుప్రీంకోర్టే నిర్ధారించి, 2023లో మాజీ అధ్యక్షుడు మైత్రిపాల సిరిసేనను సొంత డబ్బుతో నష్టపరిహారం చెల్లించమని ఆదేశించింది. 2022 సంక్షోభం కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. విచక్షణ లేని పన్ను కోతలు, రాత్రికి రాత్రి రసాయన ఎరువుల నిషేధం వంటి పాలకుల నిర్ణయాలు దాన్ని కొనితెచ్చాయి. 2023లో అదే సుప్రీంకోర్టు రాజపక్స సోదరులను అందుకు బాధ్యులుగా తేల్చింది. నేపాల్‌లో నిప్పు రాజేసింది సామాజిక మాధ్యమాల నిషేధమే అయినా, దాని కింద ఏళ్ల తరబడి పేరుకుపోయిన అవినీతి, నిరుద్యోగం ఉన్నాయి. ఆరు అవాంతరాల్లో రెండు మాత్రమే దైవికం. మిగతా నాలుగూ మానవ నిర్మితం. ‘అనుకోని’ అనే విశేషణం పాలకుల బాధ్యతను కప్పిపుచ్చే దుప్పటి అవుతోంది.

మాల్దీవుల ఉదంతం వీటన్నిటికంటే విచిత్రమైనది. అక్కడ బాంబు పేలలేదు, గాలివాన రాలేదు. భారత ప్రభుత్వం ప్రయాణాలను నిషేధించలేదు కూడా. ఉద్వేగం ఒక్కటే అడ్డుగోడ కట్టింది. 2023లో 2 లక్షలకు పైగా ఉన్న భారతీయ పర్యాటకుల సంఖ్య 2024లో సుమారు 1.30 లక్షలకు పడిపోయింది. ఆ తర్వాత? 2024 అక్టోబరులో అధ్యక్షుడు ముయిజ్జు ఢిల్లీ వచ్చారు. 2025 జూలైలో మాల్దీవుల స్వాతంత్ర్య దినోత్సవ వేడుకలకు మన ప్రధానే ముఖ్య అతిథిగా మాలే వెళ్లారు. ఇరుగుపొరుగు మధ్య సయోధ్య కుదరడం హర్షణీయమే. దౌత్యం పని అదే. కానీ నాయకులు పద్దెనిమిది నెలల్లో ఆలింగనం చేసుకోగలిగినప్పుడు, మధ్యలో రద్దు రుసుములు కట్టుకున్న మధ్యతరగతి మనిషి ఏ యజ్ఞానికి సమిధ అయ్యాడు? 2025 మే నెలలో తుర్కియే, అజర్‌బైజాన్ బహిష్కరణ పిలుపుల్లోనూ ఇదే తంతు. ఏ దేశానికి వెళ్లకూడదో నిర్ణయించుకునే హక్కు ప్రతి పౌరుడికీ ఉంది. ఆ హక్కును ఇరుగింటివాడి మీద రుద్దే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

విహారయాత్రలు ఆగిపోతే కొంపలు మునుగుతాయా, దేశ భద్రత ముందు ఇదొక సమస్యా అని అడిగేవారుంటారు. తూటాలు పేలుతున్న చోటికి ఎవరినీ పంపమని ఎవరూ అడగరు. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని పొట్టనబెట్టుకున్న తర్వాత రాజ్యం కఠినంగా వ్యవహరించడాన్ని తప్పుపట్టడం కష్టం. కానీ ప్రయాణం విలాసమనే మాట మన రాజ్యాంగ చరిత్రకే విరుద్ధం. విదేశాలకు వెళ్లే స్వేచ్ఛ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లోనే సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో చెప్పింది. 1978 జనవరి 25న మేనకా గాంధీ కేసులో 21వ అధికరణానికి కొత్త ఊపిరి పోసిన తీర్పు పుట్టింది కూడా ఒక పాస్‌పోర్టును స్వాధీనం చేసుకున్న వివాదం నుంచే. స్వేచ్ఛను హరించే ప్రక్రియ న్యాయంగా, సహేతుకంగా ఉండాలన్న సూత్రం ఆ పాస్‌పోర్టు పుణ్యమే.

పైగా విహారయాత్రికుడు ఈ వరుసలో చివరివాడు. అతడిని ఆపిన గేటే ఇంకా చాలామందిని ఆపుతోంది. సరిహద్దుకు నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న కర్తార్‌పూర్ గురుద్వారా కారిడార్ 2019 నవంబరు 9న తెరుచుకుంది. నాలుగు నెలలకే కోవిడ్ వల్ల మూతపడింది. 2021 నవంబరులో తెరిచారు. 2025 మే 7న మళ్లీ మూసేశారు. కైలాస మానససరోవర యాత్రకు నాథులా మార్గం 2015లో లభించింది. రెండేళ్లకే డోక్లాం ప్రతిష్టంభన ఆ దారిని మూసింది. 2020 నుంచి అయిదేళ్లు యాత్రే లేదు. 2025లో పునఃప్రారంభమైతే అవకాశం దక్కింది 750 మందికి. 2024 ఆగస్టులో షేక్ హసీనా పతనం తర్వాత మన వీసా కేంద్రాలు సేవలను కుదించుకోవడంతో, కోల్‌కతా ఆస్పత్రులకు వచ్చే బంగ్లాదేశ్ రోగులు, వారి మీద ఆధారపడిన న్యూ మార్కెట్ వ్యాపారులు ఇద్దరూ నష్టపోయారు. ఢాకా వెళ్లే మైత్రీ ఎక్స్‌ప్రెస్ అంతకు ముందు నెలలోనే ఆగింది. భక్తుడు, రోగి, వ్యాపారి, బంధువు, విహారి. వీరందరికీ ఒకటే తాళం.

తాళం చెవి ఒకప్పుడు సార్క్ చేతిలో ఉంటుందని ఆశించారు. 1985లో ఢాకాలో పుట్టిన ఆ కూటమి 1992లో వీసా మినహాయింపు పథకాన్ని తెచ్చింది. న్యాయమూర్తులు, పార్లమెంటు సభ్యులు, ఉన్నతాధికారులు, పాత్రికేయులు, వ్యాపారులు, క్రీడాకారులు వంటి 24 తరగతులవారికి అది వర్తించింది. మామూలు పర్యాటకుడు ఆ జాబితాలోకి ఎన్నడూ ఎక్కలేదు. 2014 కాఠ్మాండూ తర్వాత శిఖరాగ్ర సమావేశమే జరగలేదు. పహల్గాం తర్వాత పాకిస్థానీయులకు ఆ పథకం కూడా రద్దయింది. దక్షిణాసియాలో స్వేచ్ఛగా తిరగగలిగిన చోట్లు భారత్–నేపాల్ సరిహద్దు వంటి పాత ద్వైపాక్షిక ఏర్పాట్ల పుణ్యమే తప్ప, ఈ ప్రాంతమంతా కలిసి సాధించుకున్నవి కావు. ఆసియాన్ దేశాల పౌరులు ఒకరి దేశానికి ఒకరు చాలావరకు వీసా లేకుండా వెళ్లివస్తున్నారు. వారి మధ్య సరిహద్దు తగాదాలు లేకపోలేదు. 2025లో థాయిలాండ్, కంబోడియా యుద్ధానికే దిగాయి. అయినా కూటమి కుప్పకూలలేదు.

భూభాగ వివాదాలు తేలేదాకా పౌరుడు ఆగలేడు. ఈలోగా చేయగలిగిన పనులున్నాయి. మొదటిది డబ్బు. విదేశీ టూర్ ప్యాకేజీ కొన్న క్షణంలోనే మూలంలో పన్ను వసూలు చేసే రాజ్యం, అదే రాజ్యం జారీ చేసిన హెచ్చరిక వల్ల ప్రయాణం ఆగిపోతే ‘అది మీకూ ఏజెంటుకూ మధ్య వ్యవహారం’ అంటుంది. లాక్‌డౌన్ కాలపు టికెట్ల డబ్బు తిరిగిరావడానికి 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఆ ఊరట విమాన టికెట్లకే పరిమితమైంది. హోటలు, వీసా రుసుము, ప్యాకేజీ అడ్వాన్సులు ఎవరి అదృష్టం వారిది. బీమా పత్రాల్లో యుద్ధం, అల్లర్లు మినహాయింపుల జాబితాలో తరచూ చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి. ఐరోపా సమాఖ్య 2015 నాటి ఆదేశంలో ఈ చిక్కుముడి విప్పింది. గమ్యస్థానంలో తప్పించుకోలేని అసాధారణ పరిస్థితులు ఏర్పడితే యాత్రికుడు రుసుము లేకుండా ప్యాకేజీ రద్దు చేసుకోవచ్చు, పధ్నాలుగు రోజుల్లో డబ్బు వాపసు రావాలి. విదేశాంగ శాఖ హెచ్చరికకు ఇటువంటి చట్టబద్ధ ఫలితాన్ని జోడించడానికి మన పార్లమెంటుకు ఏ పొరుగు దేశం అనుమతీ అక్కర్లేదు.

రెండోది మాట. బహిష్కరణ పిలుపులు ఊపందుకున్నప్పుడు ప్రభుత్వం మౌనం వహించి, సయోధ్య కుదిరినప్పుడు మాత్రం పర్యాటక సంబంధాల గురించి ప్రసంగించడం పరిణతి కాదు. వెళ్లవద్దంటే అధికారికంగా చెప్పాలి, కారణం చెప్పాలి, గడువు చెప్పాలి. లేదంటే ఎవరి ప్రయాణం వారిదని స్పష్టం చేయాలి. మూడోది వృద్ధులు, రోగులు, యాత్రికుల వీసాలు. దౌత్య ప్రతీకారంలో ఇవి మొట్టమొదట మూసే తలుపులు కాకూడదు, చిట్టచివరివి కావాలి.

పొరుగు దేశాన్ని కళ్లతో చూడని తరానికి దాన్ని టీవీ చర్చలే పరిచయం చేస్తాయి. క్యాండీలో టీ కొట్టు యజమానితో పది నిమిషాలు మాట్లాడిన మనిషి, శ్రీలంక అంటే చైనా అప్పు, హంబన్‌టోట రేవు మాత్రమే అనుకోడు. ముక్తినాథ్ దారిలో నేపాలీ డ్రైవరు కష్టసుఖాలు విన్న మనిషి, కాఠ్మాండూ మంటలను వినోదంగా చూడడు. విదేశాంగ విధానానికి ప్రజల్లో ఉండవలసిన వివేకం ఇలాంటి అల్పమైన పరిచయాలతోనే కూడుతుంది. పౌరుల రాకపోకలు ఆగిన చోట ఆవేశాన్ని అమ్ముకునేవారికే గిరాకీ.

గుంటూరు దంపతుల వంటివారు లక్షల్లో ఉంటారు. ఆయనకిప్పుడు డెబ్బై దాటింది, ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. సిగిరియా మెట్లు ఎక్కే ఆలోచన ఎప్పుడో మానుకున్నారు. 2018లో తీసుకున్న పాస్‌పోర్టుల గడువు 2028తో తీరిపోతుంది. వాటి పుటల్లో ఇప్పటికీ ఒక్క ముద్ర కూడా లేదు.