ఫొటో డేటాబేస్‌లో ఉంది, పేజీలో లేదు: జాంప్ పీకేసే ముందు ఎఫ్12 నొక్కండి

బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల సీజన్‌లో ప్రతి బ్యాచ్‌నీ పలకరించే సమస్య ఒకటుంది. ఆన్‌లైన్ షాపింగ్ కావచ్చు, హాస్టల్ మేనేజ్‌మెంట్ కావచ్చు, బ్లడ్ బ్యాంక్ కావచ్చు. లోపల మాత్రం అదే జాంప్, అదే పీహెచ్‌పీ, ఫొటో కాలమ్ ఉన్న ఒక టేబుల్. పేజీ తెరిస్తే పేర్లు వస్తాయి, ధరలు వస్తాయి, ఫొటో ఉండాల్సిన చోట చిరిగిన కాగితం లాంటి బుల్లి ఐకాన్ వస్తుంది. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లోకి వెళ్లి చూస్తే ఆ వరుసలో ఫొటో భద్రంగానే ఉంటుంది!

ఇక్కడి నుంచి మొదలవుతుంది అసలు గోల. క్వెరీ మారుస్తారు, ఇంకో ట్యుటోరియల్ నుంచి ఇంకో కోడ్ తెచ్చి అతికిస్తారు, చివరికి ఎవరో ఒక ఫ్రెండ్ "జాంప్ కరప్ట్ అయ్యుంటుంది రా, తీసేసి మళ్లీ వెయ్" అంటాడు. ఈ సలహా మాత్రం వినకండి. మీ టేబుల్స్ అన్నీ జాంప్ ఫోల్డర్‌లోనే, మైఎస్‌క్యూఎల్ లోపలి డేటా ఫోల్డర్‌లో ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ చేసుకోకుండా దాన్ని డిలీట్ చేస్తే ఫొటోలతో పాటు ప్రాజెక్ట్ మొత్తం పోతుంది. రివ్యూకి రెండు రోజుల ముందు ఇలా జరిగితే ఇక అమీర్‌పేట వెళ్లి రెడీమేడ్ ప్రాజెక్ట్ కొనుక్కోవడమే.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఫొటో రాకపోతే మొదటి అయిదు నిమిషాలు కోడ్ ముట్టుకోవద్దు. సర్వర్ బ్రౌజర్‌కి ఏం పంపిందో చూడండి. మన ట్యుటోరియల్స్ అన్నీ ఫొటోని టేబుల్‌లోకి ఎలా ఎక్కించాలో గంటసేపు చెప్తాయి, ఈ ఒక్క ముక్క మాత్రం వదిలేస్తాయి.

ఎందుకు చూడాలంటే, హెచ్‌టీఎంఎల్ పేజీలో ఫొటో ఉండదు. ఫొటో అడ్రస్ ఉంటుంది. 1993లో మార్క్ ఆండ్రీసన్ ఇమేజ్ ట్యాగ్‌ని ప్రతిపాదించినప్పటి నుంచి పద్ధతి ఇదే. బ్రౌజర్ పేజీ చదువుతూ ఇమేజ్ ట్యాగ్ కనిపించగానే, అందులోని అడ్రస్‌కి విడిగా ఇంకో రిక్వెస్ట్ పంపుతుంది. 20 వేర్వేరు ప్రోడక్ట్ ఫొటోలుంటే 20 రిక్వెస్టులు. కాబట్టి పేర్లు, ధరలు వచ్చాయంటే మొదటి రిక్వెస్ట్ బాగుందని మాత్రమే అర్థం. చెడిపోయింది రెండోది, దాని జవాబు నెట్‌వర్క్ ట్యాబ్‌లో కూర్చుని మీ కోసం ఎదురుచూస్తోంది.

ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఇమేజెస్ మాత్రమే కనిపించేలా ఎంచుకుని, పేజీ రిఫ్రెష్ చేయండి. స్టేటస్, టైప్, సైజ్. ఈ మూడు చాలు.

404 వస్తే మీ డేటాబేస్‌కి ఏ పాపం తెలియదు, అడ్రస్ తప్పు. అడ్మిన్ ఫోల్డర్‌లో ఉన్న పేజీ నుంచి అప్‌లోడ్స్ ఫోల్డర్‌ని పిలిస్తే బ్రౌజర్ అడ్మిన్ లోపల అప్‌లోడ్స్ కోసం వెతుకుతుంది. రిక్వెస్ట్ మీద క్లిక్ చేస్తే పూర్తి అడ్రస్ కనిపిస్తుంది, తేడా అక్కడే తెలిసిపోతుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌లో అసలేం లేకపోతే పక్కనున్న కన్సోల్ చూడండి. లోకల్ రిసోర్స్‌ని లోడ్ చేయడానికి అనుమతి లేదని క్రోమ్ ఎర్రటి అక్షరాల్లో చెప్తుంటే, మీరు టేబుల్‌లో సీ డ్రైవ్‌తో మొదలయ్యే విండోస్ పాత్ దాచారన్నమాట. ఆ పాత్ విండోస్‌కి అర్థమవుతుంది. లోకల్‌హోస్ట్ నుంచి వచ్చిన పేజీకి మాత్రం మీ సీ డ్రైవ్‌తో సంబంధం లేదు, హెచ్‌టీడాక్స్ లోపల ఏముందో అంతవరకే.

200 వచ్చినా ఫొటో లేదనుకోండి, అసలు మజా అక్కడుంది. టైప్ దగ్గర హెచ్‌టీఎంఎల్ అని ఉంటే రెస్పాన్స్ తెరిచి చదవండి. చాలాసార్లు అక్కడ ఫొటో బదులు ఒక పీహెచ్‌పీ వార్నింగో, మీ లాగిన్ పేజీయో ఉంటుంది. ఫొటో పంపే స్క్రిప్ట్‌లో అలవాటుగా హెడర్ ఫైల్ ఇన్‌క్లూడ్ చేసి ఉంటారు, దాంతో మెనూ బార్ మొత్తం ఫొటో ముందు వచ్చి చేరుతుంది. మెనూ అంతటిది కూడా అక్కర్లేదు, పీహెచ్‌పీ ట్యాగ్‌కి ముందు ఒక ఖాళీ లైన్ చాలు. జేపీజీ ఫైల్‌లో మొదటి రెండు బైట్లు ఎఫ్‌ఎఫ్, డీ8 అయి తీరాలి. వాటి ముందు ఇంకేదో వస్తే బ్రౌజర్‌కి అది ఫొటోలా కనిపించదు. నోట్‌ప్యాడ్‌లో యూటీఎఫ్-8 విత్ బామ్ అని సేవ్ చేసిన ఫైల్ కూడా ఇదే పని చేస్తుంది, కాకపోతే ఆ మూడు బైట్లు కంటికి కనపడవు.

ఇక సగం ఫొటో. పైభాగం బాగానే ఉండి కింద బూడిద రంగు పట్టీ వస్తే కాలమ్ టైప్ చూడండి. మైఎస్‌క్యూఎల్‌లో బ్లాబ్ అంటే 65,535 బైట్లు మాత్రమే, అంటే 64 కేబీ. ఇప్పటి ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో సులభంగా 3, 4 ఎంబీ ఉంటుంది. స్ట్రిక్ట్ మోడ్ ఉంటే సర్వర్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. లేకపోతే పట్టినంత పట్టించి మిగతాది కోసేస్తుంది, ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది, ఆ వార్నింగ్ ఎవరు చదివారు కనుక! మీడియం బ్లాబ్‌కి మారిస్తే 16 ఎంబీ వరకు పడుతుంది. మార్చిన తర్వాత పాత ఫొటోలు మళ్లీ అప్‌లోడ్ చేయాలి, కోసేసిన భాగం తిరిగి రాదు.

సైజ్ సున్నా అయితే ఫొటో అసలు లోపలికే రాలేదు. ఫారంలో మల్టీపార్ట్ ఎన్‌కోడింగ్ మర్చిపోయి ఉండొచ్చు, లేదా అప్‌లోడ్ పరిమితి దాటి ఉండొచ్చు. పీహెచ్‌పీ డిఫాల్ట్‌గా ఒక్కో ఫైల్‌కి ఇచ్చేది 2 ఎంబీ, మొత్తం ఫారంకి 8 ఎంబీ. మీ పీహెచ్‌పీ డాట్ ఐఎన్‌ఐలో ఎంత ఉందో చూసుకోండి.

ఈ గొడవంతా లేకుండా బేస్64 ఉంది కదా అంటారు. ఫొటోని అక్షరాలుగా మార్చి నేరుగా ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టేస్తే పనైపోతుంది. నిజమే, వస్తుంది. నాకు మాత్రం ఈ చిట్కా నచ్చదు. బేస్64 వల్ల సైజ్ మూడో వంతు పెరుగుతుంది. 3 ఎంబీ ఫొటోలు 20 ఉంటే 60 ఎంబీ కాస్తా 80 ఎంబీ అవుతుంది, అదంతా ఒకే హెచ్‌టీఎంఎల్ పేజీలో. బ్రౌజర్ ఆ ఫొటోల్ని విడిగా దాచుకోలేదు కాబట్టి రిఫ్రెష్ కొట్టిన ప్రతిసారీ మొత్తం మళ్లీ రావాలి. ల్యాప్‌టాప్‌లో సర్వర్, బ్రౌజర్ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ఈ భారం తెలియదు, హోస్టింగ్‌లో పెట్టి మొబైల్ డేటా మీద తెరిస్తే అప్పుడు తెలుస్తుంది. చిన్న ఐకాన్‌కి అయితే సరే.

మరి ఫొటో టేబుల్‌లో ఉండాలా, ఫోల్డర్‌లో ఉండాలా? 2006లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్లు దీన్ని కొలిచి చూశారు, ఆ బృందంలో ట్యూరింగ్ అవార్డ్ గ్రహీత జిమ్ గ్రే కూడా ఉన్నారు. వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ పరీక్షల్లో 256 కేబీ లోపు వాటికి డేటాబేస్, 1 ఎంబీ దాటిన వాటికి ఫైల్ సిస్టమ్ మెరుగని తేలింది. మన ఫోన్లలో ఉండే ఎస్‌క్యూలైట్ కూడా చిన్న థంబ్‌నెయిల్స్ విషయంలో ఫైళ్లకంటే వేగంగా పనిచేస్తుంది. కానీ అదే ఆండ్రాయిడ్‌లో పెద్ద ఫొటోని వరుసలో పెట్టి చదవబోతే, సుమారు 2 ఎంబీ దగ్గర కర్సర్ విండోలో పట్టక యాప్ క్రాష్ అవుతుంది. కాలేజీ ప్రాజెక్ట్‌కి నా ఓటు ఫోల్డర్‌కే, టేబుల్‌లో ఫైల్ పేరు ఒక్కటే. బ్లాబ్ వైపు వాదనలో ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: ఒక్క ఎక్స్‌పోర్ట్ ఫైల్‌తో అన్నీ వచ్చేస్తాయి. ఫోల్డర్ పద్ధతిలో పెన్‌డ్రైవ్‌లోకి డేటాబేస్ ఎక్కించి అప్‌లోడ్స్ ఫోల్డర్ మర్చిపోతే, ల్యాబ్ సిస్టమ్‌లో మళ్లీ అదే చిరిగిన ఐకాన్.

ఫైల్ పేరు ఒక్కటే అని ఎందుకన్నానంటే, చాలామంది లోకల్‌హోస్ట్‌తో సహా మొత్తం అడ్రస్ టేబుల్‌లో దాచేస్తారు. డెమోకి ఫోన్‌లో చూపిద్దామని అదే వైఫై మీద ల్యాప్‌టాప్ ఐపీ కొడితే పేజీ చక్కగా వస్తుంది, ఫొటోలు రావు. ఫోన్‌లో లోకల్‌హోస్ట్ అంటే ఆ ఫోనే, దాంట్లో మీ అపాచీ ఎక్కడిది? ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్‌లో కూడా అంతే, అక్కడి నుంచి మీ ల్యాప్‌టాప్‌ని 10.0.2.2 అని పిలవాలి. విండోస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టదు, లైనక్స్ హోస్టింగ్‌లో పడుతుంది. అందుకే అప్‌లోడ్ అప్పుడే పేరంతా చిన్నక్షరాల్లోకి మార్చేయడం మంచిది.

ఐఫోన్ వాడేవాళ్లకి ఇంకో చిక్కు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి అక్కడి కెమెరా ఫొటోలు హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో వస్తున్నాయి. ఒరిజినల్ ఫైల్‌ని అలాగే తెచ్చి సర్వర్‌లో పెడితే స్టేటస్ 200, సైజ్ కరెక్ట్, ఫొటో మాత్రం క్రోమ్‌లో సున్నా. పేరు చివర జేపీజీ అని మార్చినా లోపలి బైట్లు మారవు. కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోండి, లేదా ముందే కన్వర్ట్ చేయండి.

అన్నీ సరిచేసుకుని ఫొటోలు వచ్చేశాక ఒక్క పరీక్ష మిగిలింది. మన ప్రాజెక్టుల్లో ప్రోడక్ట్ ఫొటోలే ఉండవు, ఆధార్ స్కాన్‌లు, మార్కుల మెమోలు కూడా అప్‌లోడ్ చేయిస్తాం, అదీ టెస్టింగ్ పేరుతో క్లాస్‌మేట్స్ నిజమైన కాపీలు. ఫొటో పంపే స్క్రిప్ట్‌ని కొత్త ట్యాబ్‌లో తెరిచి, అడ్రస్ చివరన ఐడీ 5 ఉన్నచోట 6 కొట్టండి. వేరేవాళ్ల కార్డ్ కనిపించిందంటే ఆ ఫైల్ ఎవరిదో స్క్రిప్ట్ చూడట్లేదు, లాగౌట్ అయ్యి కొట్టినా వస్తే సెషన్ చెక్ కూడా లేదన్నమాట. అప్‌లోడ్స్ ఫోల్డర్ హెచ్‌టీడాక్స్‌లో ఉంటే సెషన్ చెక్ పెట్టినా లాభం లేదు, ఫైల్ పేరు తెలిసినవాళ్లు నేరుగా తెరుచుకుంటారు. ఇలాంటి స్కాన్‌ల వరకు ఫోల్డర్‌ని హెచ్‌టీడాక్స్ బయటికి జరిపి, లాగిన్ అయిన మనిషిదే ఆ ఫైల్ అని చూశాకే పీహెచ్‌పీ చేత పంపించండి.