గణితమునకు లొంగిన రాహువు

2023 అక్టోబరు 28 నడిరేయి దాటినపిదప పట్టిన పాక్షిక చంద్రగ్రహణమున, బింబవ్యాసములో ఇంచుమించు ఎనిమిదవ వంతు మాత్రమే భూచ్ఛాయలో మునిగినది. అంతమాత్రపు నీడకు వెఱచి గర్భిణులను మూసిన గదిలో దప్పికతో నుంచు గృహములు విద్యావంతులుగల మన ఓరుగల్లునను కలవు. ఈ యాచారమును మేము గర్హించుచున్నాము.

గ్రహణవేళ మనకు తెలిసినది పంచాంగమువలన. పంచాంగమునకు తెలిసినది గణితమువలన. 223 చాంద్రమాసములకు, అనగా 18 సంవత్సరముల 11 దినముల దాదాపు 8 గంటలకు, ఒకే తీరు గ్రహణము మరల వచ్చును. 2005 అక్టోబరు 17 నాటిదే 2023లో వచ్చినది. 2041 నవంబరు 8న మరల వచ్చును. అప్పుడు మనకు పగలగుటచే కనబడదు.

గ్రహణము ఛాయయేయని ఆర్యభటుడు 499 ప్రాంతముననే చెప్పెను. లెక్క తప్పక వచ్చు నీడకు పగ యెక్కడిది? పెద్దలారా, పంచాంగపు గణితమును నమ్ముడు, గర్భిణికి నీళ్లిండు.